వాగులో బంగారం గాలించే పెట్టె ఇంట్లోనే: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆస్ట్రేలియా, కాలిఫోర్నియాల్లో ఉంటున్న తెలుగువాళ్లవి. సెలవు రోజున వాగు ఒడ్డుకు వెళ్లి బంగారం వెతకడం అక్కడ చట్టం ఒప్పుకున్న కాలక్షేపం. దుకాణంలో సామాన్ల ధరలు చూసి వెనక్కి వచ్చామని, ఇంట్లోనే చేసుకునే దారి చెప్పమని అడిగారు. నిస్సందేహంగా చేసుకోవచ్చు. బంగారాన్ని పట్టి ఆపేవి మూడు: నీటి వేగం, పెట్టె వాలు, జల్లెడ. వీటికి డబ్బు కన్నా ఓపిక ఎక్కువ కావాలి.

ప్ర: విక్టోరియాలో మైనర్స్ రైట్ (సరదాగా బంగారం వెతుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) తీసుకున్నాను. పళ్లెంతో గాలిస్తుంటే రోజంతా నడుం వంచినా నాలుగు బకెట్ల మట్టి కూడా అవడం లేదు. వాగులో పెట్టుకునే స్లూయిస్ బాక్స్ వంద డాలర్ల లోపు చేసుకోవాలంటే కొలతలు, సామాను చెప్పండి. (మెల్‌బోర్న్ పాఠకుడు)

జ: స్లూయిస్ బాక్స్ అంటే రెండు వైపులా తెరిచి ఉన్న తొట్టి. పై నుంచి నీరు పారుతుంది, అడుగున అడ్డపట్టీలు ఉంటాయి. ప్రతి పట్టీ వెనకా నీరు సుడి తిరుగుతుంది. తేలికైన ఇసుక ఆ సుడిలో లేచి కొట్టుకుపోతుంది, బరువైనది కిందికి దిగి చాపలో ఇరుక్కుంటుంది. ఇంతే దీని కిటుకు. కాబట్టి తొట్టి కన్నా పట్టీల మీద, చాప మీద శ్రద్ధ పెట్టండి.

తొట్టికి 1.6 మి.మీ. మందం అల్యూమినియం రేకు, 450 మి.మీ. వెడల్పు, 1000 మి.మీ. పొడవు ముక్క చాలు. రెండు పక్కలా 100 మి.మీ. చొప్పున నిలువుగా వంచితే మధ్యలో 250 మి.మీ. అడుగు మిగులుతుంది. వంచే యంత్రం అక్కర్లేదు. గీత గీసిన చోట రేకును రెండు గట్టి చెక్కల మధ్య బిగించి, మూడో చెక్కతో పొడవంతా ఒకేసారి నొక్కుతూ వంచండి. సుత్తితో ముక్కముక్కగా కొడితే అడుగు అలలు అలలుగా లేస్తుంది, చాప సమంగా కూర్చోదు. ఈ తొట్టి రెండు కిలోల లోపే తూగుతుంది, కొండ వాలులో మోసుకెళ్లడానికి హాయి. రేకు దొరక్కపోతే 12 మి.మీ. ప్లైవుడ్‌తో చేసుకోవచ్చు, కానీ అది తడిస్తే బరువెక్కుతుంది, నీటిలో తేలుతుంది, పైన రాయి పెట్టక తప్పదు.

నీరు లోపలికి వచ్చే వైపు 250 మి.మీ. పొడవున ఇంకో రేకు ముక్కను గరాటులా 400 మి.మీ. వరకు వెడల్పు చేసి వింగ్ నట్లతో (చేత్తో తిప్పే రెక్కల నట్లు) తగిలించండి. వాగు నీరు పలుచగా పారే చోట ఈ నోరు లేకపోతే పెట్టెలోకి చాలినంత నీరు రాదు.

అడ్డపట్టీలకు 20 × 20 మి.మీ. అల్యూమినియం ఎల్ యాంగిల్ మూడు మీటర్ల ముక్క ఒకటి కొనండి. 246 మి.మీ. చొప్పున కోస్తే సరిగ్గా పన్నెండు పట్టీలు వస్తాయి, రంపపు పొట్టుకు పోయేది కూడా అందులోనే సరిపోతుంది. తలకిందులు చేసిన ఎల్ లాగా అమర్చండి: ఒక కాలు నిలువుగా అడుగుకు ఆనాలి, రెండో కాలు పైన చూరులా నీరు పోయే వైపుకు చాచి ఉండాలి. చాలామంది ఇక్కడే తిరగేసి బిగిస్తారు. చూరు నీరు వచ్చే వైపు ఉంటే సుడి పుట్టదు, పట్టీ వెనక ఇసుక గట్టిగా పేరుకుంటుంది. ఒక పట్టీ నిలువు కాలు నుంచి తర్వాతి పట్టీ నిలువు కాలుకు 50 మి.మీ. ఎడం. పన్నెండింటినీ రెండు పక్కలా రెండు ఫ్లాట్ పట్టీలకు 4 మి.మీ. పాప్ రివెట్లతో బిగిస్తే నిచ్చెన తయారవుతుంది. మొత్తం 24 రివెట్లు. కడిగేటప్పుడు నిచ్చెన మొత్తం ఒక్కసారే పైకి రావాలి, అందుకే పట్టీలను నేరుగా తొట్టికి రివెట్ చేయకండి.

చాప విషయం. నీరు వచ్చే వైపు మొదటి 250 మి.మీ. మేర గాడులున్న నల్ల రబ్బరు చాప పరవండి, దాని మీద పట్టీలు వద్దు. కంటికి కనిపించే బంగారం ఆ గాడుల్లోనే ఆగుతుంది. మీరు తవ్విన చోటు దండగో పండగో అక్కడే తెలుస్తుంది. మిగిలిన పొడవుకు కార్లలో వేసే నూడుల్ మ్యాట్ (ప్లాస్టిక్ పోగులు చిక్కుగా అల్లుకున్న చాప) సరిగ్గా సరిపోతుంది. వెనక ప్లాస్టిక్ పొర అంటించనిదే తీసుకోండి. పొర ఉంటే సన్న ఇసుక దానికి పట్టేసి, ఎంత జాడించినా వదలదు. చాప మీద నిచ్చెన గట్టిగా అదిమి ఉండాలి. పట్టీ కింద వేలిగోరు దూరేంత సందు ఉన్నా నీరు ఆ సందులోంచి దూసుకెళ్లి, మీరు పట్టిన బంగారాన్ని తనతో తీసుకుపోతుంది. రెండు చివరలా అడ్డంగా ఒక్కో పట్టీ వేసి వింగ్ నట్లతో బిగించండి.

వాగులో పెట్టేటప్పుడు మీటరు పొడవుకు 7 నుంచి 8 సెం.మీ. వాలు ఇచ్చి మొదలుపెట్టండి. పట్టీల పైన నీరు 2 నుంచి 4 సెం.మీ. లోతున పారాలి. ఆ తర్వాత చూపు పట్టీల మీదే ఉండాలి. రెండు పట్టీల మధ్య ఇసుక నిండుగా కూరుకుపోతే నీరు చాలడం లేదు, వాలు ఒక సెంటీమీటరు పెంచండి. చాప నగ్నంగా కనిపిస్తుంటే నీరు మితిమీరింది, వాలు తగ్గించండి. సగం వరకు ఇసుక ఉండి, అది కుతకుత ఉడుకుతున్నట్టు కదులుతుంటే అదే సరైన వాలు. మట్టి ఒక్కో గరిటె చొప్పున, ముందటి గరిటెలోని రాళ్లు కొట్టుకుపోయాకే వేయండి. 20 లీటర్ల బకెట్‌కు ఎనిమిది పది నిమిషాలు పడుతుంది. గబగబా కుమ్మరించడం వల్ల పోయేంత బంగారం మరే తప్పు వల్లా పోదు.

మైనర్స్ రైట్ పదేళ్లు చెల్లుతుంది, కానీ చేతి పనిముట్లకే వర్తిస్తుంది. పలుగు, పార సరే. మోటారుతో తవ్వకం కుదరదు. కొన్ని వాగులు, జాతీయ పార్కుల్లో చాలా భాగం వెతకడానికి మూసి ఉంటాయి. బయలుదేరే ముందు విక్టోరియా ప్రభుత్వ పటంలో ఆ చోటు చూసుకోండి. తీసిన గుంటలు పూడ్చి రావడం కూడా షరతుల్లో భాగమే.

ప్ర: 12 మి.మీ. జల్లెడ ఒకటి ఉంటే చాలా? సైజుల వారీగా మట్టిని విడదీయమని ఎందుకు అంతలా చెబుతారు? నాకు అది వృథా శ్రమలా తోస్తోంది. (పెర్త్ పాఠకురాలు)

జ: ఇది లెక్కతో తేలే విషయం, కాబట్టి లెక్కే చెబుతాం. నీటిలో మునిగిన ప్రతి రేణువూ తన ఘనపరిమాణమంత నీటి బరువు కోల్పోతుంది. బంగారం సాంద్రత 19.3, పలుగురాయిది 2.65. నీటి సాంద్రత ఒకటి కాబట్టి, ఒకటి చొప్పున తీసేస్తే 18.3, 1.65. మొదటిది రెండోదానికి 11 రెట్లు. దీని అర్థం ఏమిటంటే, ముతక రేణువుల్లో ఒక మిల్లీమీటరు బంగారు గుండుతో సమానంగా 11 మిల్లీమీటర్ల గులకరాయి కూడా నీటి అడుగుకు దిగుతుంది. ఆ రాయిని కదిలించగల నీరు ఆ బంగారాన్నీ కదిలిస్తుంది. అందుకని 12 మి.మీ. జల్లెడతో పెద్దరాళ్లు తీసేస్తే చిన్న ప్రవాహం చాలు.

పిండిలాంటి రేణువుల దగ్గర పరిస్థితి ఇంకా బిగుసుకుంటుంది. అక్కడ నీటి జిగట పైచేయి అవుతుంది, నిష్పత్తి 11కు వర్గమూలానికి, అంటే 3.3కు పడిపోతుంది. పక్కన ఉన్నది పలుగు ఇసుక కాకుండా 5.2 సాంద్రత ఉన్న మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు నల్ల ఇసుక అయితే ఇంచుమించు 2.1 మాత్రమే. బంగారు రేణువుకు రెండింతల సైజు నల్ల రేణువు దానితో సమానంగా ప్రవర్తిస్తుందన్న మాట. ఎంత నేర్పరి చేతిలోనైనా, కలగాపులగంగా ఉన్న ఇసుకలో ఆ రెండూ విడిపోవు. సైజులు దగ్గరగా ఉండేలా జల్లిస్తే విడిపోతాయి.

కాబట్టి వాగు దగ్గర 12 మి.మీ. ఒకటి, వీలైతే 6 మి.మీ. ఒకటి. ఇంటికి తెచ్చిన సారానికి, అంటే పెట్టెలో ఆగిన బరువైన ఇసుకకు, 20 మెష్, 50 మెష్. మెష్ అంటే అంగుళం పొడవులో ఉన్న కన్నాల సంఖ్య. 20 మెష్ కన్నం సుమారు 0.85 మి.మీ., 50 మెష్ 0.3 మి.మీ. వంటింటి పిండి జల్లెడ తీసుకుని అంగుళం మేర కన్నాలు లెక్కపెట్టండి, చాలాసార్లు 20కీ 30కీ మధ్య ఉంటుంది. కొత్తది కొనే పని తప్పుతుంది.

ముతక జల్లెడకు 20 లీటర్ల పాత బకెట్ అడుగును అంచు నుంచి 25 మి.మీ. వదిలి గుండ్రంగా కోసేయండి. లోపల గుండ్రంగా కత్తిరించిన జింక్ పూత వెల్డ్‌మెష్ (ఇనుప తీగల వల) పరిచి, మిగిలిన అంచుకు పొట్టి స్క్రూలు, వాషర్లతో బిగించండి. ఇంకో బకెట్ మీద ఇది చక్కగా కూర్చుంటుంది. బకెట్ అడుగున మేకుతో కన్నాలు పొడవడం సులువనిపిస్తుంది గానీ, ఒరిసిన ప్లాస్టిక్ అంచుల్లో బంకమట్టి చిక్కుకుని పది నిమిషాల్లో మూసుకుపోతుంది.

జల్లెడ మీద మిగిలిన రాళ్లను విసిరేసే ముందు ఒకసారి చేత్తో కలియబెట్టి చూడండి. మీ ఆస్ట్రేలియాలో ఇది ఊరికే చెప్పే మాట కాదు: 1869లో విక్టోరియాలోని మోలియాగుల్ దగ్గర దాదాపు 72 కిలోల ముద్ద నేల పైపొరలోనే దొరికింది.

ప్ర: వాగు దాకా వెళ్లే వీలు తక్కువ. మట్టి ఇంటికి తెచ్చుకుని పెరట్లో కడుక్కోవాలని ఉంది. తొట్టిలోని నీరే మళ్లీ మళ్లీ తిరిగే ఏర్పాటు ఎలా? (బెండిగో పాఠకుడు)

జ: దీనికి పెట్టె చిన్నది కావాలి. మొదటి జవాబులోని 250 మి.మీ. పెట్టెకు చాలినంత నీరు ఏ చిన్న పంపూ ఇవ్వలేదు. 150 మి.మీ. వెడల్పు, 600 మి.మీ. పొడవు తీసుకోండి. అడ్డపట్టీలు వద్దు. గాడులున్న రబ్బరు చాప మొత్తం పరిచి, పై సగంలో వీలైతే పాత ప్లాస్టిక్ కూరగాయల పలకలో 6 మి.మీ. లోతు, 12 మి.మీ. వెడల్పు అడ్డగాడులు కోసి అమర్చండి. సన్నటి సారానికి ఇలాంటి పల్లపు గాడులే బాగా పనిచేస్తాయి.

పడవల అడుగున చేరిన నీరు తోడే 12 వోల్టుల బిల్జ్ పంపు వాడండి. గంటకు 1100 గ్యాలన్లు, అంటే ఇంచుమించు 4,160 లీటర్లు అని రాసి ఉన్నది సరిపోతుంది. ఆ అంకె నీటిని పైకి ఎత్తనప్పటిది. మీటరు ఎత్తుకు తోడితే అందులో చాలా భాగం తగ్గిపోతుంది, కాబట్టి పెట్టెను తొట్టికి ఎంత తక్కువ ఎత్తులో పెడితే అంత మేలు. పంపు మూతికి ఏ సైజు గొట్టం పడుతుందో అదే చివరిదాకా ఉంచండి. తోట గొట్టానికి కుదించిన వాళ్ల ఉత్తరాలు రెండు వచ్చాయి. ఇద్దరిదీ ఒకటే ఫిర్యాదు, నీరు రావడం లేదని. సన్న గొట్టంలో రాపిడికే శక్తి అంతా పోతుంది.

ఇలాంటి పంపు 3 నుంచి 4 ఆంపియర్లు లాగుతుంది. 12 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది, కాబట్టి గంటన్నర పని అనుకోండి. బ్యాటరీ ప్లస్ దగ్గరే, పంపు మీద రాసి ఉన్న సైజు ఫ్యూజు వేయండి. నీళ్లు, తడి చేతులు, ఊడిన వైరు ఉన్నచోట ఇది మానకూడదు. మెయిన్ కరెంటు పంపు జోలికి అసలు పోవద్దు.

గొట్టం నీటిని నేరుగా చాప మీద వదిలితే ఒక చోట గుంట పడుతుంది. పెట్టె తలకట్టున 150 మి.మీ. వెడల్పు ప్లాస్టిక్ డబ్బా ఒకటి పెట్టి, గొట్టాన్ని దాని అడుగున దింపి, పైన నూడుల్ మ్యాట్ ముక్క కుక్కండి. నీరు ఊరినట్టు పైకి వచ్చి, అంచు మీదుగా సమంగా జారుతుంది. వాలు 600 మి.మీ.కి 5 నుంచి 6 సెం.మీ. అడుగున 60 లీటర్ల తొట్టి. పెట్టె నుంచి పడే ఇసుక నేరుగా తొట్టిలోకి కాకుండా అందులో పెట్టిన బకెట్‌లో పడాలి. బకెట్ నిండి పొర్లిన నీరే తొట్టిలోకి వెళ్లాలి. పంపును తొట్టి రెండో చివర, పాత సాక్సు తొడిగి ఉంచండి. లేకపోతే ఇసుక రెక్కలను అరగదీస్తుంది.

పాత్రలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు నీటిలో వేయండి. పలుచని బంగారు రేకుకు నూనె జిడ్డు అంటితే, 19 రెట్ల బరువున్నా నీటి పొర మీద తేలిపోతుంది. లిక్విడ్ ఆ పొరను తెంచుతుంది. ఎక్కువ వేస్తే నురగే రేణువులను మోసుకుపోతుంది.

చివరగా బంకమట్టి. తిరిగే నీటిలో బంక చేరేకొద్దీ నీరు చిక్కబడుతుంది, సన్న బంగారం దిగదు. అంతకన్నా చెడ్డది ఏమిటంటే, బంకముద్ద చాప మీద దొర్లుతూ అక్కడ ఇరుక్కున్న రేణువులను తనకే అంటించుకుని బయటకు పోతుంది. మట్టిని ముందు రాత్రే బకెట్‌లో నానబెట్టి, మర్నాడు చేత్తో పిసికి కరిగించి, పై బురదనీరు వంపేశాకే పెట్టెలో వేయండి. మురికి నీటిని పారబోసే బదులు 60 లీటర్లకు ఒక టీస్పూను పటిక పొడి కలిపి రాత్రంతా కదపకుండా ఉంచండి. మన పల్లెల్లో వరద నీటికి చేసినదే ఇదీ. తెల్లారేసరికి పైనీరు తేరుకుంటుంది. ఆ నీటిని మళ్లీ పెట్టెకే వాడండి, వాగులో మాత్రం కలపకండి.

ప్ర: పెట్టె చేశాను, చూడ్డానికి బాగానే ఉంది. బంగారం దొరకలేదు. తప్పు పెట్టెదా, చోటుదా? (బల్లారట్ పాఠకుడు)

జ: దీన్ని ఇంటి దగ్గరే తేల్చుకోవాలి. చేపలు పట్టేవాళ్ల సీసపు గుండ్లలో 2 మి.మీ. సైజువి పది తీసుకుని సుత్తితో పలుచగా కొట్టండి, ఎర్ర నెయిల్ పాలిష్ పూయండి. సీసం సాంద్రత 11.3. సీసాన్ని ఆపగల పెట్టె అదే సైజు బంగారాన్ని ఇంకా సులువుగా ఆపుతుంది. పంపుతో నడిచే పెట్టెలో, ఒక బకెట్ ఇసుకలో ఈ పదీ కలిపి మామూలుగా పని చేయించండి. తొమ్మిదో పదో దొరకాలి, అందులో ఎక్కువ భాగం పెట్టె పై మూడో వంతులోనే ఉండాలి. ఆరే దొరికితే వాలు మార్చి మళ్లీ నడపండి. ఒకసారి ఒకటే మార్చండి. వాలూ నీరూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. ఈ సీసం ముక్కలను వాగుకు తీసుకెళ్లకండి.

వాగులో పెట్టే పెద్ద పెట్టెకు వేరే పరీక్ష ఉంది. రోజు చివర మొదటి మూడు పట్టీల చాపను ఒక బకెట్‌లో, చివరి మూడు పట్టీల చాపను ఇంకో బకెట్‌లో జాడించి విడివిడిగా గాలించండి. మొదటిదాంట్లో రేణువులుండి రెండోదాంట్లో లేకపోతే పెట్టె సరిగా ఉంది. రెండింటిలోనూ దాదాపు ఒకేలా ఉంటే, చివరి పట్టీ దాటి పోయింది కూడా అంతే ఉంటుంది: వాలు తగ్గించండి లేదా మట్టి నిదానంగా వేయండి. రెండింటిలోనూ ఏమీ లేకుండా నల్ల ఇసుక మాత్రం బాగా ఉంటే పెట్టె తన పని తాను చేసింది, మీరే చోటు మార్చాలి. వాగు మలుపు లోపలి వైపు, పెద్ద బండ వెనక, అడుగు రాతి నెర్రెల్లో తీసిన మట్టికే తిరగండి.

ప్ర: శాక్రమెంటోలో ఉంటాం. పిల్లలతో అమెరికన్ నదికి వెళ్లాలని ఉంది. ఇంట్లో చేసిన స్లూయిస్ తీసుకెళ్లవచ్చా? (కాలిఫోర్నియా పాఠకురాలు)

జ: ఏ భూమి అన్నదాన్ని బట్టి. 1848 జనవరి 24న జేమ్స్ మార్షల్‌కు బంగారం కనిపించిన కొలోమా ఇప్పుడు రాష్ట్ర చారిత్రక పార్కు. అక్కడ కేటాయించిన ఒడ్డున చేతులు, పళ్లెం తప్ప ఏ సామానూ ఒప్పుకోరు. ఆబర్న్ పార్కులోనూ అంతే. స్లూయిస్ పెట్టుకోవాలంటే ఎవరి క్లెయిమూ (నమోదైన తవ్వకం హక్కు) లేని ఫెడరల్ భూమి కావాలి. ముందుగా ఆ ప్రాంతపు భూ నిర్వహణ కార్యాలయంలోనో ఫారెస్ట్ కార్యాలయంలోనో అడగండి. నీటి అడుగు నుంచి మోటారుతో పీల్చే డ్రెడ్జ్ జోలికి వెళ్లవద్దు. 2009 నుంచి రాష్ట్రం దాన్ని ఆపేసింది.

పిల్లలకు పళ్లెమే మంచిది. ఇనుప పళ్లెం అయితే పొయ్యి మీద నూనె జిడ్డంతా మాడేదాకా, నీలం రంగు తిరిగేదాకా కాల్చండి. ప్లాస్టిక్‌ది అయితే లిక్విడ్‌తో తోమి, లోపలంతా సన్న గరుకు కాగితంతో రుద్దండి. ఇక గాలించడం మనకు కొత్త కాదు, బియ్యంలో రాళ్లు గాలించే పద్ధతే. తేడా ఒక్కటి: బియ్యం పైనుంచి జారవిడిచి దక్కించుకుంటాం, ఇక్కడ జారేది వదిలేసి అడుగున మిగిలింది దక్కించుకుంటాం. మొదట పళ్లెం పూర్తిగా నీటిలో ముంచి అటూ ఇటూ బాగా కుదపండి, బరువైనది దిగనివ్వండి. ఆ తర్వాతే వంచండి. పిల్లలు కుదపకుండానే వంచేస్తారు, బంగారం మొదటి ఊపులోనే పోతుంది.

పళ్లెంలో వెండిలా మెరిసే రేణువులు కనిపిస్తే ముట్టుకోనివ్వకండి. మార్షల్‌కు బంగారం దొరికాక జనం ఎగబడిన గోల్డ్ రష్ కాలంలో బంగారం పట్టడానికి పోసిన పాదరసం ఆ నదుల అడుగున ఇంకా ఉంది, బంగారు రేణువులకు అంటుకుని ఉంటుంది. మూత గట్టిగా ఉన్న సీసాలో నీళ్లలో వేసి, మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఇవ్వండి. వేడి మాత్రం చేయకూడదు.

ప్ర: చివర్లో నల్ల ఇసుకలో బంగారం పొడి కలిసిపోయి విడిపోవడం లేదు. పాదరసం కొద్దిగా వాడితే పట్టేస్తుందని విన్నాను. (పేరు రాయలేదు)

జ: వాడవద్దు. పాదరసం బంగారాన్ని పట్టే మాట నిజమే, కానీ దాన్ని విడదీయాలంటే కాల్చాలి. ఆ ఆవిరికి రంగు లేదు, వాసన లేదు, మెదడునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. వంటింట్లో ఒకసారి కాల్చినా గోడలకు, బట్టలకు పట్టి నెలల తరబడి వదలదు. చిన్న పిల్లలున్న ఇల్లయితే మరీ ప్రమాదం. బంగారం తవ్వకాలతో సహా అన్నిచోట్లా పాదరసాన్ని తగ్గించడం కోసం ప్రపంచ దేశాలు 2013లో మినమాటా ఒప్పందం చేసుకున్నాయి.

మీకు కావలసింది అయస్కాంతం, రెండు జల్లెడలు, నొక్కి వదిలితే పీల్చుకునే మెత్తటి సీసా. ఇసుకను 20, 50 మెష్‌లతో మూడు కుప్పలు చేయండి. ఒక్కో కుప్పనూ పూర్తిగా ఆరబెట్టి, మడతలేని కాగితం మీద పలుచగా పరవండి. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో ఉంచి ఒక అంగుళం పైనుంచి మెల్లగా తిప్పండి. నేరుగా ఆనిస్తే నల్ల రేణువులు గుంపుగా లేస్తూ మధ్యలో బంగారాన్ని ఇరికించుకుంటాయి. పట్టిన ఇసుకను వేరే కాగితం మీద వదిలి రెండోసారి తిప్పండి. మిగిలినదాన్ని ఒక్కో చెంచా చొప్పున, అరచెయ్యి మందం నీటిలో గాలించండి. పచ్చటి రేణువులు ఒక అంచున చేరతాయి.

వాటిని తీయడానికి జుట్టుకు రంగు వేసే మెత్తటి సీసా ఖాళీది ఒకటి తీసుకోండి. మూత మూతిలోంచి సన్న గొట్టాన్ని లోపలికి సీసా సగం వరకు దించి, బయట రెండు సెంటీమీటర్లు వదలండి. సీసా నొక్కి, గొట్టం చివర రేణువు దగ్గర పెట్టి వదిలితే నీటితో పాటు లోపలికి వస్తుంది. గొట్టం లోపల పొడుగ్గా ఉండటం వల్ల మళ్లీ నొక్కినా నీరే బయటకు పోతుంది, అడుగుకు దిగిన బంగారం అక్కడే ఉంటుంది. గొట్టం పొట్టిగా ఉంటే ఆ పని జరగదు.

ప్ర: తొలకరి పడితే మా వైపు జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం జనం వస్తారు. బంగారం గనులూ అక్కడే ఉన్నాయంటారు. ఈ పెట్టెతో మేమూ ప్రయత్నించవచ్చా? (కర్నూలు జిల్లా పాఠకుడు)

జ: రెండు కారణాల వల్ల వద్దు. మొదటిది చట్టం. విక్టోరియా మైనర్స్ రైట్ లాంటి సరదా అనుమతి మన దేశంలో లేదు. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం అనుమతి లేని అన్వేషణ, తవ్వకం నేరం. ఐదేళ్ల వరకు జైలు, హెక్టారుకు 5 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. నాలుగు బకెట్ల మట్టి కోసం ఈ చిక్కులో పడకండి.

రెండోది భూమి తీరు. జొన్నగిరి, రామగిరి, చిత్తూరు జిల్లా చిగురుగుంట వైపు బంగారం గట్టిరాతిలో, పలుగురాయి చారల్లో ఉంటుంది. టన్ను రాతిలో కొద్ది గ్రాములు, అదీ చాలావరకు కంటికి ఆనని రేణువులుగా. రాయిని పిండి చేసి రసాయనాలతో తీస్తే తప్ప దక్కదు. విక్టోరియాలోనూ కాలిఫోర్నియాలోనూ ఆ రాతిని వాగులే లక్షల ఏళ్లు అరగదీసి, బరువైనదాన్ని అడుగున దాచి ఉంచాయి. ఈ పెట్టె అలాంటి వాగు మట్టికి చేసినది.

పెట్టె పని నేర్చుకోవాలన్న కోరికే అయితే పెరట్లో సీసం ముక్కల పరీక్ష చేయండి, అందులో సగం విద్య వస్తుంది. బంగారం పనివాళ్ల వీధుల్లో దుమ్ము ఊడ్చి, కడిగి, పొడి తీసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల చేతి ఊపు కాసేపు గమనిస్తే మిగతా సగం వస్తుంది.

ప్ర: భీమిలి తీరంలో ఇసుక నల్లగా ఉంది. నల్ల ఇసుక ఉంటే బంగారం ఉంటుందంటారు కదా? (విశాఖ పాఠకుడు)

జ: నల్ల ఇసుక అంటే అక్కడ బరువైన ఖనిజాలు చేరాయని మాత్రమే అర్థం. ఏ ఖనిజమన్నది ఎగువన ఉన్న రాతిని బట్టి. మీ తీరంలోనిది తూర్పు కనుమల నుంచి వచ్చిన ఇల్మనైట్, గార్నెట్, వాటితో మోనజైట్. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, అది అణు ఖనిజాల జాబితాలోది. ఇంటికి తెచ్చుకోకండి.

ప్ర: ఇంత చేస్తే రోజుకు ఎంత దొరుకుతుంది? (చాలామంది)

జ: పెట్టె ఖర్చు తిరిగి రావాలన్న లెక్కతో మొదలుపెట్టవద్దని మా సలహా. ఒక గ్రాము బంగారం గుండులా చేస్తే 4.6 మి.మీ. అడ్డకొలత, మిరియపు గింజంత. మీకు దొరికేది గుండ్లు కావు, రేకులు. ఒక మిల్లీమీటరు వెడల్పు, దానిలో పదో వంతు మందం ఉన్న రేకు ఒకటిన్నర మిల్లీగ్రాములు తూగుతుంది. గ్రాము కావాలంటే అలాంటివి 650కి పైగా ఏరాలి. ఒక రోజులో 20 రేకులు దొరికితే కళ్లకు పండగే గానీ తూకంలో 30 మిల్లీగ్రాములు. మామూలు వంటింటి తక్కెడ దాన్ని సున్నా అని చూపిస్తుంది. మిల్లీగ్రాము వరకు చూపే చిన్న జేబు తక్కెడ కావాలి. తూకం వేసే ముందు రేకులను ఆరబెట్టి, అయస్కాంతం ఇంకోసారి తిప్పండి. సీసా అడుగున మిగిలిన ఒక్క నీటి చుక్క బరువే 50 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది.